పికప్‌కి స్కిడ్ ప్లేట్లు: కొనే ముందు, బిగించేటప్పుడు, బిగించాక వచ్చే డౌట్లు

వి-క్రాస్, హైలక్స్ తీసుకున్నవాళ్లు స్కిడ్ ప్లేట్ల గురించి, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్‌లకి రాళ్లు తగలకుండా బండి కింద బిగించే పలకల గురించి, అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి, ప్రతిసారీ విడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నా. మొత్తం చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికెళ్లి చదువుకోండి. ఉదాహరణలన్నీ టొయోటా హైలక్స్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్ చుట్టూనే ఉంటాయి. ఛాసిస్ మీద బాడీ కూర్చునే బండి ఏదైనా చాలావరకు ఇదే లెక్క.

## అసలు కావాలా వద్దా

కంపెనీ ప్లేటు కింద ఉండనే ఉంది కదా, మళ్లీ ఇంకోటి ఎందుకు?

ముందు కింద దూరి అది ఏంటో చూడండి. కొన్ని వేరియంట్లలో ముందు కనబడేది ప్లాస్టిక్ కవరే, బురద చిమ్మకుండా పెట్టింది, రాయి తగిలితే పగులుతుంది అంతే. రేకు ఉన్నా మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి, లోపలికి పోయి టక్కుమని వెనక్కొస్తే అది ఎగిరొచ్చే కంకర రాళ్ల కోసం పెట్టింది, బండి బరువంతా దాని మీద పడితే ఆగదు. స్కిడ్ ప్లేట్ పని వేరు, రెండు టన్నుల బండి రాయి మీద ఆనినా ప్లేటు జారిపోవాలి, పైనున్న ఛాంబర్‌కి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తగలకూడదు. మీ వాడకం మట్టిరోడ్డు వరకే అయితే కంపెనీ స్టీల్ రేకు చాలు.

నేను ఎక్కువ హైవే, సిటీలోనే తిరుగుతా, పెట్టించుకోవాలా?

వద్దు. ఆ డబ్బులు మంచి టైర్ల మీద పెట్టండి. స్పీడ్ బ్రేకర్ల భయం అయితే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, దానికి ఏ పికప్పూ తగలదు. తగిలేది ఊళ్లలో రాత్రికి రాత్రి జనం వేసుకున్న గోడల్లాంటివే, వాటికీ నెమ్మదిగా పోతే చాలు. క్వారీ దారులు, చెరువు గట్లు, మారేడుమిల్లి లోపలి అడవి దార్లు, వాగులు, ఇలాంటి చోట నెలకి రెండుమూడు సార్లు పోయేవాళ్లకే ఇది పనికొచ్చే ఖర్చు.

డబ్బులు ఒక్క ప్లేటుకే ఉన్నాయి, ముందు దేనికి వేయించాలి?

అందరూ ఇంజిన్ కిందే అంటారు, ఫోర్ బై ఫోర్ పికప్‌కి నేను ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ పవర్‌ని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) కూడా అంతే ముఖ్యం అంటా. ఎందుకంటే హైలక్స్ వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, 3,085 మి.మీ., వి-క్రాస్‌ది 3,095, అదే ఫార్చ్యూనర్‌ది 2,745 మాత్రమే. అంటే గట్టు దాటేటప్పుడు ముందు చక్రాలు దిగిపోయి వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందే పికప్ కడుపు ఆనుతుంది, ఫార్చ్యూనర్ దాటిన చోటే మనది కూర్చుంటుంది. కాబట్టి రాళ్ల వాగుల్లో పోయేవాళ్లు ఇంజిన్ ముందు, గట్లు, కాలవ ఒడ్లు, పొలం దార్లలో తిరిగేవాళ్లు గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు. కంపెనీ ప్లేటు ఇంజిన్ కింద గట్టిదే వచ్చి ఉంటే ఇంక ఆలోచించేదేం లేదు, మధ్య ప్లేటే.

డీజిల్ ట్యాంక్‌కి, వెనక హౌసింగ్‌కి కూడా కావాలా?

ట్యాంక్ ఛాసిస్ పక్కన కింద వేలాడుతూ ఉంటుంది కాబట్టి రాళ్ల మీద పక్కకి జారే చోట్ల తిరిగితే మంచిది, ఐతే ఇది మూడో నంబరు. వెనక డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే వెనక ఇరుసు మధ్యలో గేర్లు ఉండే గుండు, దానంతట అదే లావుపాటి ఇనుము, చిన్న దెబ్బలకి ఏం కాదు, దాని గార్డు మీద నేనైతే డబ్బు పెట్టను.

టూ వీల్ డ్రైవ్ పికప్‌కి పనికొస్తుందా?

ఇంజిన్ ప్లేటు పనికొస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్ లేవు కాబట్టి ఫోర్ బై ఫోర్ కోసం చేసిన సెట్టు మొత్తం కొనకండి, కొన్ని బ్రాకెట్లు పట్టుకోవడానికి కింద ఏమీ ఉండదు.

ఆర్టీవో వాళ్లు ఆపుతారా? వారంటీ, ఇన్సూరెన్స్ పోతాయా?

2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసిన ఉత్తరం బుల్ బార్లు, క్రాష్ గార్డుల గురించి, అవి బంపర్ ముందు ఉండి నడిచేవాళ్లకి ప్రమాదం అని. స్కిడ్ ప్లేటు బండి కింద ఉంటుంది, ఆ గొడవలోకి రాదు. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్ మార్చొద్దు అంటుంది కాబట్టి ఛాసిస్‌కి కొత్త రంధ్రాలు పెట్టడం, వెల్డింగ్ చేయడం, ప్లేటుని బంపర్ ముందుకి లాగి పైకి మడవడం, ఇవి మాత్రం పెట్టుకోకండి. వారంటీ విషయంలో సురక్షితమైన దారి కంపెనీ యాక్సెసరీగా అమ్మే ప్లేటు, డీలర్ దగ్గరే బిల్లుతో బిగించుకోవడం. బయటిది పెడితే పాత ప్లేటు, పాత బోల్టులు పారెయ్యకుండా దాచండి. ఇన్సూరెన్స్ వాళ్లకి రెన్యువల్ టైంలో ఒక మెయిల్ పెట్టేస్తే సరి.

## ఏ మెటీరియల్

స్టీలా, అల్యూమినియమా? ఒక్క ముక్కలో చెప్పండి

రాళ్ల మీద ఆనించి నడిపేవాళ్లకి స్టీలు, మిగతావాళ్లకి అల్యూమినియం. ఒక్క ముక్క అన్నారు గానీ కారణం కూడా చెప్తా. స్టీలు గట్టిగా ఉంటుంది కాబట్టి రాయి మీద జారుతుంది, అల్యూమినియం మెత్తన, రాయి అంచు దాంట్లోకి దిగి గాడి పడుతుంది, ఆ గాడి దగ్గర బండి పట్టేస్తుంది. స్టీలు వంగితే ఏ ఊళ్లో అయినా సుత్తితో కొట్టి సరిచేస్తారు, వెల్డింగ్ కూడా దొరుకుతుంది, అల్యూమినియం పగిలితే ఆర్గాన్ వెల్డింగ్ ఉన్న షాపు వెతుక్కోవాలి. కానీ స్టీలు తుప్పు పడుతుంది, బరువు. పౌడర్ కోటింగ్ చూసి మురిసిపోకండి, మొదటి రాయికే లేచిపోతుంది.

ఎన్ని ఎంఎం తీసుకోవాలి?

స్టీలైతే ఇంజిన్ కింద 3 మి.మీ. మామూలు వాడకానికి, రాళ్లలోకి పోయేవాళ్లకి 4. అల్యూమినియం అయితే 5 లేదా 6. స్టీల్ 6 మి.మీ. వేయిస్తా అనే హడావిడి మనుషులు ఉంటారు, అనవసరం. ప్లేటు గట్టితనం మందం మీదే కాదు, మడతల మీద కూడా ఉంటుంది, మధ్యలో రెండు మడతలు తిప్పిన 3 మి.మీ. రేకు చదునుగా ఉన్న 4 మి.మీ. రేకు కన్నా తక్కువ వంగుతుంది. షాపువాడు మందం గొప్పలు చెప్తుంటే మడతలు, కింద రిబ్బులు ఎన్ని ఉన్నాయో చూడండి.

అల్యూమినియం స్టీలంత బలంగా ఎలా ఉంటుంది, మెత్తన కదా?

అల్యూమినియం వంగుడు స్టీలుకి మూడింతలు ఎక్కువ, ఒప్పుకుంటా. కానీ రేకు వంగకుండా నిలబడటం మందానికి ఘనంలో పెరుగుతుంది. 4 మి.మీ. స్టీలు బదులు 6 మి.మీ. అల్యూమినియం పెడితే మందం ఒకటిన్నర రెట్లు, దాని ఘనం మూడుకి పైనే, దాంతో ఆ లోటు పూడిపోతుంది. వంగకపోవడంలో రెండూ ఇంచుమించు సమానం, బరువేమో దాదాపు సగం. అయితే 5052 గానీ 6061 గానీ గ్రేడు రాసిచ్చిన షీటే తీసుకోండి, గుమ్మాలకి వాడే గళ్ల చెకర్డ్ షీటు తెచ్చి కొట్టించుకుంటే ఈ లెక్కలేవీ వర్తించవు.

బరువు ఎంత పెరుగుతుంది, మైలేజీ పడిపోతుందా?

90 సెంటీమీటర్ల పొడవు, 70 వెడల్పు ఉన్న ఇంజిన్ ప్లేటు అనుకోండి. 3 మి.మీ. స్టీలు సుమారు 15 కిలోలు, 4 మి.మీ. 20 కిలోలు, 6 మి.మీ. అల్యూమినియం 10 కిలోలు. ముందు నుంచి ట్యాంక్ దాకా మొత్తం సెట్టు స్టీలులో వేయిస్తే బండిలో ఒక మనిషి ఎప్పుడూ కూర్చున్నట్టే. మైలేజీలో తేడా మీకు తెలీదు గానీ ఆ బరువు మీ పేలోడ్ (బండి మోయగల బరువు) లోంచే పోతుంది, వెనక డాలాలో రోజూ లోడ్ వేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

మాది భీమవరం వైపు, ఉప్పు గాలి, చెరువుల నీళ్లు, స్టీలు పెడితే తుప్పు పట్టదా?

పడుతుంది. అక్కడ అల్యూమినియమే మేలు, కాకపోతే ఒక జాగ్రత్త, అల్యూమినియం ప్లేటుకి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా తగిలి మధ్యలో ఉప్పునీళ్లు చేరితే బోల్టు చుట్టూ అల్యూమినియం తెల్లపొడిలా తినేసుకుంటూ పోతుంది. నైలాన్ వాషర్ వేసి జింక్ కోటింగ్ ఉన్న బోల్టు వాడండి. స్టీలే కావాలంటే గాల్వనైజ్ చేయించి పైన పెయింట్ వేయించండి, రెండు నెలలకోసారి గీతలు పడ్డ చోట రెడాక్సైడ్ పూస్తే చాలు.

ప్లాస్టిక్ లాంటి తెల్ల షీటుతో చేసినవి చూశా, అవి ఎలా?

అది అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలీఇథిలీన్, నీళ్లలో తేలేంత తేలిక, రాయి మీద బాగా జారుతుంది, తుప్పు లేదు, చప్పుడు తక్కువ. ర్యాలీ బండ్లలో వాడతారు. మందం 10, 12 మి.మీ. ఉండాలి కాబట్టి గ్రౌండ్ క్లియరెన్స్ తింటుంది, సైలెన్సర్ వేడికి మెత్తబడుతుంది. పికప్‌కి నా ఓటు లేదు.

## కొనడం, చేయించడం

ఆటోనగర్‌లో చెప్పి చేయిస్తే సగం రేటుకే అవుతుందంటున్నారు, చేయించొచ్చా?

విజయవాడ ఆటోనగర్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ బెండింగ్ మిషన్, లేజర్ కటింగ్ ఉన్న షాపు అయితే శుభ్రంగా చేయించొచ్చు. గ్యాస్ కటింగ్‌తో కోసి సుత్తితో వంచే చోట మాత్రం వద్దు, రంధ్రాలు రెండు మూడు మి.మీ. తేడా వస్తాయి, తర్వాత బోల్టుని బలవంతంగా లాగి బిగిస్తారు, అక్కడ మొదలవుతాయి కష్టాలు. చేయించేటప్పుడు మీరు అడగాల్సినవి: కంపెనీ ప్లేటు రంధ్రాలకే పట్టేలా ఉండాలి, ముందు అంచు పైకి మడత పెట్టి ఉండాలి, మడత లేకపోతే బురదలో చేటలా ఎత్తుకుంటుంది, బోల్టు తలలు గుంటలోకి కూర్చోవాలి, బయటికి పొడుచుకొస్తే మొదటి రాయికే తల గీసుకుపోయి ఇక పానా పట్టదు. అట్టముక్కతో కొలత తీసి, ఆ అట్టని బండి కింద పెట్టి చూపించాకే రేకు కోయమనండి.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

తయారీ సంవత్సరం, ఇంజిన్, గేర్‌బాక్స్ మూడూ సరిపోవాలి. పాత వి-క్రాస్ 2.5 లీటర్, బీఎస్6 తర్వాతది 1.9 లీటర్, కింద పైపులు, సైలెన్సర్ వరస ఒకేలా ఉంటాయని అనుకోకండి. మాన్యువల్‌కీ ఆటోమేటిక్‌కీ మధ్య ప్లేటు వేరు కావచ్చు. థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా నుంచి తెప్పించేవాళ్లు అక్కడి మోడల్ తరం మనదేనా కాదా అని ఫోటోలు పెట్టి అడగండి, డీ-మ్యాక్స్ పేరు ఒకటే అయినా అక్కడ అమ్మే కొత్త తరం బండి వేరు.

ఫార్చ్యూనర్ ప్లేటు హైలక్స్‌కి పడుతుందా?

రెండూ ఒకే ఐఎంవీ ప్లాట్‌ఫామ్ (టొయోటా ఉమ్మడి ఛాసిస్ డిజైన్) మీద పుట్టినవి కాబట్టి ముందు ప్లేటు చాలావరకు పడుతుంది, రెండిటికీ ఒకే ప్లేటు అమ్మేవాళ్లూ ఉన్నారు. వెనక్కి పోయేకొద్దీ కథ మారుతుంది, ట్యాంక్ దగ్గరకొచ్చేసరికి అస్సలు ఆశ పెట్టుకోకండి.

బోల్టులు ఎందుకు సార్, ఛాసిస్‌కి వెల్డింగ్ కొట్టేస్తా అంటున్నాడు మెకానిక్

దణ్ణం పెట్టి బయటికొచ్చేయండి. ఛాసిస్ స్టీలు వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల బలం మారిపోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి, పైగా బ్యాటరీ వైరు తీయకుండా వెల్డింగ్ పెడితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోయే ప్రమాదం. ఇవన్నీ పక్కనపెట్టినా రేపు క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ ఎలా దించుతాడు?

## బిగించేటప్పుడు

ఇంట్లో నేనే బిగించుకోవచ్చా? ఏమేం ఉండాలి?

ఇద్దరుంటే ఓ పూట పని. పికప్ ఎత్తుగానే ఉంటుంది కాబట్టి చాలాసార్లు జాకీ కూడా అక్కర్లేదు, చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డం పెట్టి కింద దూరొచ్చు. ఎత్తాలి అనుకుంటే స్టాండ్లు తప్పనిసరి, జాకీ ఒక్కదాని నమ్మకం మీద కింద దూరితే ప్రాణం మీదకి వస్తుంది. 12, 14, 17 సాకెట్లు, ఎక్స్‌టెన్షన్ రాడ్, టార్క్ రెంచ్, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్, కళ్లకి అద్దాలు. అద్దాలు ఎందుకంటారా, కింద పడుకుని పాత బోల్టు తిప్పిన మరుక్షణం కంట్లో పడే మట్టి కోసం. బండి చల్లారాక మొదలుపెట్టండి, సైలెన్సర్ పక్కనే చెయ్యి తిరుగుతుంది.

ఏ వరుసలో బిగించాలి?

పాత ప్లేటు తీసేటప్పుడు వెనక బోల్టులు ముందు తీసి ముందువి చివర్లో తీయండి, ప్లేటు మీద పడదు. కొత్త ప్లేటుని ఒకళ్లు మోకాళ్లతోనో జాకీ మీద చెక్క పెట్టో ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకళ్లు అన్ని బోల్టులూ చేత్తోనే మూడు నాలుగు చుట్లు తిప్పి వదిలేయాలి. ఒక్క బోల్టు కూడా ముందే బిగించొద్దు. అన్నీ ఎక్కాక ప్లేటుని అటూ ఇటూ కదిపి మధ్యకి తెచ్చి, అప్పుడు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ పోవాలి. రెండు మూడు ప్లేట్ల సెట్టు అయితే ముందు ప్లేటు వెనక అంచు, తర్వాతి ప్లేటు ముందు అంచుకి కింద ఉండాలి, పైన ఉంటే ముందుకి పోతున్నప్పుడు రాయి ఆ సందులో దూరి రెండో ప్లేటుని ఊడబీకుతుంది.

బోల్టు రెండు చుట్లు పోయి ఆగిపోతోంది, గట్టిగా తిప్పనా?

వద్దు! ఛాసిస్ లోపల వెల్డ్ చేసిన నట్టు ఉంటుంది, దాని మర పోయినా, అది ఊడి లోపల తిరగడం మొదలుపెట్టినా బాక్స్ సెక్షన్‌లోకి చెయ్యి దూరదు. ఎక్కువసార్లు కారణం మట్టే, వానాకాలంలో లోపలికి పోయిన బురద నట్టు మరల్లో ఎండి ఇటుకలా గట్టిపడి ఉంటుంది. స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగి, సరిగ్గా అదే సైజు ట్యాప్ (నట్టు లోపలి మర శుభ్రం చేసే పనిముట్టు) నెమ్మదిగా ఎక్కించి దించండి, నల్లటి మట్టి ఉండలు బయటికొస్తాయి, తర్వాత బోల్టు వేళ్లతోనే పోతుంది. ట్యాప్ కొనేముందు మర కొలవాలి, ఎం10 బోల్టులో 1.25 పిచ్ (మర చుట్టుకీ చుట్టుకీ మధ్య మి.మీ. దూరం) ఉంది, 1.5 కూడా ఉంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

ఎంత టైట్ చెయ్యాలి?

ప్లేటుతో కాగితం ఇస్తే దాన్నే ఫాలో అవ్వండి. ఇవ్వకపోతే 8.8 గ్రేడు బోల్టుకి ఎం8 అయితే 25 న్యూటన్ మీటర్లు, ఎం10 అయితే 45 నుంచి 50 వరకు. గ్రీజు పూసిన మర అయితే ఇంకాస్త తగ్గించాలి. ఎయిర్ గన్‌తో బిగించనివ్వకండి, ఆ గన్ వేసే టార్క్‌కి లెక్క ఉండదు. బోల్టు తల మీద 8.8 అని ఉందో లేదో కూడా చూడండి.

థ్రెడ్ లాకర్ వెయ్యాలా, గ్రీజు పుయ్యాలా?

ఏదో ఒకటి, రెండూ కలిపి కాదు. రాళ్ల రోడ్డు ఎక్కువైతే నీలం రంగు మీడియం లాకర్ ఒక చుక్క. నీళ్లు, ఉప్పు ఎక్కువైతే కాపర్ గ్రీజు, స్ప్రింగ్ వాషర్. ఎర్ర రంగు లాకర్ జోలికి పోకండి, అది వదలాలంటే వేడి చెయ్యాలి.

ప్లేటుకీ ఇంజిన్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఉండాలి?

కనీసం 20, 25 మి.మీ. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ప్లేటేమో దెబ్బకి పైకి వంగుతుంది, రెండూ కలిసే చోటు ఛాంబర్ కింది అంచు. బిగించాక టార్చి వేసి నాలుగు వైపులా చూడండి, వైర్లు, బ్రేక్ పైపులు, ఏసీ నీళ్ల గొట్టం ఎక్కడా ప్లేటు అంచుకి ఆనకూడదు.

## బిగించాక

కొత్తగా గడగడ చప్పుడొస్తోంది, ఏంటది?

వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఒకసారి టార్క్ చూడండి, కొత్త పెయింట్ నలిగి కొంచెం లూజు వస్తుంది. అది కాకపోతే ప్లేటు మీద కూర్చున్న చిన్న కంకర రాయి, నీళ్లు గట్టిగా కొడితే పోతుంది. ఒకే ఆర్‌పీఎం దగ్గర మాత్రమే జుయ్యిమంటే ప్లేటు కంపిస్తోంది, ఛాసిస్‌కి ఆనే చోట రబ్బరు ప్యాడ్ పెడితే తగ్గుతుంది, కానీ బోల్టు కింద మెత్తటి రబ్బరు వాషర్లు పెట్టకండి, బిగువు ఆగదు.

ప్లేటు వల్ల ఇంజిన్ వేడెక్కుతుందా?

రంధ్రాలు, లూవర్లు (గాలి పోయే ఏటవాలు చీలికలు) ఉన్న ప్లేటు అయితే మామూలు వాడకంలో ఇబ్బంది లేదు. గాలి బయటికి పోయే దారే లేకుండా మూసేసిన ప్లేటు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మే నెల ఎండ, ఘాట్ మీద లోడ్‌తో లో గేర్ ఎక్కుడు, ఇవన్నీ కలిస్తే గేర్ ఆయిల్ వేడి పెరుగుతుంది. ఇంకోటి, బురదలో దిగొచ్చాక ప్లేటు మీద రెండంగుళాల మట్టి పేరుకుని ఎండిపోతే అదే దుప్పటి అవుతుంది. కడిగేటప్పుడు పైనుంచి కాదు, ప్లేటు రంధ్రాల్లోంచి పైకి నీళ్లు కొట్టాలి.

రోడ్డు మీద ఆరబోసిన ఉలవలు, కంది కట్టె మీదుగా పోతే ప్రమాదమా?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, నాకైతే అన్నిటికన్నా భయం దీని గురించే. గడ్డి ప్లేటు అంచుల్లో ఇరుక్కుంటుంది, సైలెన్సర్ దాని పక్కనే. బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (సైలెన్సర్ వరసలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి కాల్చుకునేటప్పుడు లోపల దాదాపు 600 డిగ్రీలు ఉంటుంది. అలాంటి కుప్ప దాటాక ఓ కిలోమీటరులోపే పక్కకి ఆపి కింద చూడండి, ప్లేటు మీదా ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ చుట్టుకున్న గడ్డి కర్రతో లాగేయండి, చెయ్యి పెట్టకండి. డీపీఎఫ్‌ని పూర్తిగా కప్పేసే ప్లేటు ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ ప్లేటు విప్పాల్సిందేనా?

డ్రెయిన్ బోల్టు కింద, ఫిల్టర్ కింద రంధ్రం ఉంటే విప్పక్కర్లేదు. కానీ విప్పించమనే చెప్తా, ఎందుకంటే రంధ్రంలోంచి ఆయిల్ కొంత ప్లేటు మీద చింది, తర్వాత వారం రోజులు చుక్కలు పడుతుంటే లీకేజీ అనుకుని కంగారు పడతారు. నిజంగా లీకైనా కూడా ఆ జిడ్డులో తెలీదు. సర్వీసుకి ఇచ్చేముందు బోల్టులెన్నో లెక్కపెట్టి ఫోటో తీసుకోండి, బండి తీసుకునేటప్పుడు అక్కడే వంగి చూడండి, తొమ్మిదింటికి ఏడు పెట్టి పంపడం చాలా సర్వీస్ షెడ్లలో మామూలే.

ప్లేటు వంగింది, మార్చాలా?

విప్పి కింద వైపు చూడండి, ముందు నుంచి వెనక్కి మెరిసే గీతలు ఉంటే అది పని చేస్తోందని అర్థం, వదిలెయ్యండి. గుంట లోతు ఛాంబర్ దాకా వచ్చినా, బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగినా, మడత దగ్గర సన్నటి పగులు కనబడినా సరిచేయించాలి. స్టీలు ప్లేటుని విప్పి నేల మీద పెట్టి సుత్తితో కొట్టించండి, బండికి ఉండగా కొట్టనివ్వొద్దు.

ప్లేటుకి జాకీ వెయ్యొచ్చా? తాడు కట్టి లాగొచ్చా?

రెండూ వద్దు. జాకీ ఛాసిస్‌కో యాక్సిల్‌కో వెయ్యాలి. లాగడానికి ఛాసిస్‌కి ఉన్న రికవరీ పాయింట్ మాత్రమే వాడాలి, ప్లేటు బోల్టులు కిందనుంచి వచ్చే దెబ్బకి చేసినవి, ముందుకి గుంజితే తెగి ప్లేటు గాల్లోకి లేస్తుంది.

రాయి గట్టిగా తగిలింది, బండి నడుస్తూనే ఉంది, ఇంటిదాకా పోనివ్వొచ్చా?

ముందు ఆపి ఇంజిన్ ఆఫ్ చెయ్యండి. కింద పడుకుని ప్లేటు వెనక అంచు, రంధ్రాల దగ్గర చూడండి, ఏ చుక్క అయినా వేలితో ముట్టి వాసన చూడండి: నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్, ఎర్రగా ఉంటే చాలా బండ్లలో ఆటోమేటిక్ గేర్ ఆయిల్, తియ్యటి వాసనొచ్చే రంగునీళ్లు కూలెంట్, మామూలు నీళ్లయితే ఏసీవి. ఐదు నిమిషాలాగి డిప్ స్టిక్ తీసి లెవెల్ చూడండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. తగ్గకపోతే నెమ్మదిగా బయల్దేరి, ఆయిల్ లైటు మీద కన్నేసి పోండి. తగ్గితే మాత్రం స్టార్ట్ కూడా చెయ్యొద్దు. ఛాంబర్ పగిలిన ఖర్చు ఒక ఎత్తు, ఆయిల్ లేకుండా నడిపి ఇంజిన్ పట్టేస్తే అది తర్వాత జరిగిన నష్టం అని మామూలు పాలసీలో క్లెయిమ్ తిప్పికొడతారు, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉన్నవాళ్లు కూడా దాని షరతులు చదువుకోవాలి. టో బండి వచ్చేలోపు రాయికి, ప్లేటుకి, నేల మీద పడ్డ ఆయిల్‌కి ఫోటోలు తీసి పెట్టుకోండి, సర్వేయర్ మొదట అడిగేది అవే.